గెంతుడు దెయ్యం: మా సంక్రాంతి షూటింగు డైరీ

డిసెంబరు 3

ధనుర్మాసం దగ్గరికొచ్చిందంటే మా ఇంట్లో రెండు కెమెరాలు, మూడు ఎల్‌ఈడీ లైట్లు, ఒక గింబల్, ఒక మా ఆయన, అందరూ ఖాళీ. ముహూర్తాలుండవు కాబట్టి పెళ్ళి వీడియోలుండవు. ఆయన తీస్తారు, నేను ఎడిటింగ్ చేస్తాను, పదకొండేళ్ళుగా శ్రీకాకుళంలో ఇదే మా బతుకుతెరువు. ఏటా ఈ నెలరోజుల్లో సొంతంగా ఏదైనా తీద్దామనుకుంటాం, పాత హార్డ్ డిస్కులు సర్దుకునేసరికే నెల అయిపోతుంది. ఈసారి అలా కాదు. ఈసారి దెయ్యం సినిమా. తెల్లచీర కట్టుకుని జుట్టు విరబోసుకునే రకం కాదు. రెండు చేతులూ ముందుకి చాపి, రెండు కాళ్ళూ కలిపి గెంతుకుంటూ వచ్చే చైనా రక్తపిశాచి, దాన్ని కర్రసాముతో, బియ్యంతో, పసుపు కాగితంతో ఎదుర్కొనే మన ఊరి జనం. ఇరవై నిమిషాల నిడివి, భయం కొంచెం, ఫైట్లు కొంచెం, నవ్వు ఎక్కువ. బడ్జెట్ 40,000 రూపాయలు. దాటితే ఇంకెప్పుడూ సినిమా మాట ఎత్తనని అత్తయ్య ముందు ఒప్పుకున్నాను కాబట్టి ఇక్కడ రాసిపెడుతున్నాను.

ఈ పిచ్చి చిన్నప్పటిది. మా ఊళ్ళో అమ్మవారి పండక్కి కలర్ టీవీ, వీసీపీ అద్దెకి తెచ్చి రామాలయం అరుగు మీద పెట్టి రాత్రంతా మూడు క్యాసెట్లు వేసేవారు. రెండు మన సినిమాలు, మూడోది ఎప్పుడూ ఏదో ఒక ఫైటింగుల సినిమా, అది వచ్చేసరికి పెద్దవాళ్ళు నిద్రపోయేవారు. అందులో ఒకసారి ఈ గెంతే దెయ్యం వచ్చింది. భాష ఒక్క ముక్క తెలియదు. కానీ దెయ్యం దగ్గరికొస్తే మనుషులు ముక్కు మూసుకుంటున్నారు, వదిలితే దొరికిపోతున్నారు, అది మాత్రం అందరికీ అర్థమైపోయింది. వెనక నుంచి ఎవరో "ఊపిరి బిగబట్టండ్రా గుంటల్లారా" అని అరిస్తే అరుగు మీదున్న పిల్లలందరం నిజంగానే బిగబట్టాం. నాకు ఇప్పటికీ సినిమా అంటే అదే.

డిసెంబరు 9

వారం రోజులుగా పాత హాంకాంగ్ సినిమాలు చూస్తూ నోట్సు రాస్తున్నాను. మేం చిన్నప్పుడు చూసింది 1985లో వచ్చిన 'మిస్టర్ వాంపైర్'. రికీ లావ్ దర్శకుడు, సామో హంగ్ నిర్మాత. అంతకు ఐదేళ్ళ ముందే సామో హంగ్ తనే హీరోగా, తనే దర్శకుడిగా ఇలాంటి దెయ్యం కుంగ్‌ఫూ కామెడీ ఒకటి తీశాడు. ఇంకా వెనక్కి వెళ్తే 1974లో ఇంగ్లండు హామర్ సినిమా కంపెనీ, హాంకాంగ్ షా బ్రదర్స్ కంపెనీ కలిసి డ్రాక్యులాని చైనాకి తీసుకెళ్ళి కుంగ్‌ఫూ చేయించారు, పీటర్ కుషింగ్ లాంటి పేరున్న ఇంగ్లీషు నటుడు అందులో ఉన్నాడు. అది చూస్తుంటే నాకు రెండు వంటకాలు ఒకే కంచంలో పక్కపక్కన పెట్టినట్టే ఉంది, కలవలేదు. 1985 దాంట్లో కలిసింది. ఎందుకు కలిసిందో పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది.

ఆ దెయ్యానికి రూల్సు ఉన్నాయి, అదీ సంగతి. చైనా భాషలో దాన్ని జ్యాంగ్‌షీ అంటారు, బిగుసుకుపోయిన శవం అని అర్థం. బిగుసుకుపోయింది కాబట్టి నడవలేదు, గెంతుతుంది. మనిషిని ఊపిరిని బట్టి పసిగడుతుంది, ఊపిరి ఆపితే పక్కనే ఉన్నా తెలియదు. నుదుటి మీద మంత్రం రాసిన పసుపు కాగితం అంటిస్తే ఆగిపోతుంది, ఊడితే లేస్తుంది. జిగురు బియ్యం తగిలితే కాలిపోతుంది. వడ్రంగులు గీత కొట్టే సిరా దారం తగిలినా అంతే. ఒక్కదానికీ గ్రాఫిక్స్ అక్కర్లేదు చూశారా! కాగితం, బియ్యం, దారం, ముక్కు. డబ్బుల్లేనివాడికి ఇంతకన్నా మంచి దెయ్యం దొరకదు. నవ్వు కూడా రూల్లోంచే వస్తోంది: ఆ సినిమాలో బియ్యం కొట్టువాడు జిగురు బియ్యంలో మామూలు బియ్యం కలిపి అమ్మేస్తాడు, దాంతో మందు సగమే పనిచేస్తుంది. కల్తీ మీద ఇంత మంచి జోకు మనవాళ్ళకి తట్టకపోవడమేంటో.

ఇంకోటి, గురువు పాత్ర వేసిన లామ్ చింగ్-యింగ్. రెండు కనుబొమలూ కలిసిపోయి, మొహంలో నవ్వన్నది ఉండదు. చుట్టూ శిష్యులు వెర్రి వేషాలు వేస్తుంటే ఆయన ఒక్కడే ఇదంతా నిజమన్నట్టు నిలబడతాడు. పెకింగ్ ఒపేరాలో పెరిగి, స్టంటుమనిషిగా బ్రూస్ లీ సినిమాల్లో పనిచేసి వచ్చిన ఒళ్ళు, చెయ్యి కదిపితే అనవసరమైన కదలిక ఒక్కటి కనపడదు. 1997లో చనిపోయాడు, యాభై కూడా రాలేదు. మా గురువు పాత్రకి కర్రసాము నేర్పే ఒక మాస్టారిని అడిగాం, ఒప్పుకున్నారు. కర్ర తిప్పడంలో తిరుగులేదు గానీ కెమెరా చూడగానే పెళ్ళి ఫోటోకి నవ్వినట్టు నవ్వుతారు. అది తర్వాతి తలనొప్పి.

గోడకి ఒక చార్ట్ అంటించాను. పైన "దెయ్యం రూల్సు" అని రాసి నాలుగు గీతలు. కథలో ఎవరైనా వీటిని దాటితే సీను తీసేయడమే.

డిసెంబరు 14

ఈ రోజు పండగ. కాగితం దొరికింది!

అసలు ఆ హాంకాంగ్ సినిమాల్లో మంత్రాన్ని పసుపు కాగితం మీద ఎర్ర సిరాతో రాస్తారు. రెడ్ స్కెచ్ పెన్నుతో రాస్తే స్కూలు ప్రాజెక్టులా కనిపిస్తోంది. అత్తయ్య దిష్టి నీళ్ళు కలుపుతుంటే బుర్రకి తట్టింది. పసుపులో సున్నం పడితే ఎరుపు కదా! అంటే కాగితాన్ని పసుపుతో ముంచి ఆరబెట్టి, దాని మీద సున్నపు తేటతో రాస్తే, రాస్తున్నప్పుడు నీళ్ళలా ఉండి కెమెరా ముందే ఎర్రగా తేలాలి. తేలింది. ఒట్టి నీళ్ళలో పసుపు కలిపితే పాలిపోయింది, కరోనా నాటి శానిటైజర్ బాటిల్ ఒకటి మూలనుంటే అందులో కలిపాను, ఆల్కహాల్‌లో పసుపు రంగు బాగా దిగుతుంది, కాగితం బంగారంలా వచ్చింది. డ్రాయింగ్ షీటు బాగా పీలుస్తుంది, మామూలు తెల్ల కాగితం ముడుచుకుపోయింది. కిళ్ళీ సున్నం నీళ్ళలో కలిపి తేరిన నీటిని పుల్లకి దూది చుట్టి రాయాలి. నాలుగైదు సెకన్లలో అక్షరం రక్తం రంగులోకి వస్తుంది. ఆరాక కొంచెం నల్లబడుతుంది, అదీ బాగానే ఉంది. రాసింది చైనా అక్షరాలు కాదు, రాని భాషతో వేషాలొద్దు. మా మావయ్య చెక్క మీద కొలతలకి గీసుకునే గుర్తులు.

సాయంత్రం ఇంకో విషయం బయటపడింది, కథంతా దాని చుట్టూ తిప్పేశాను. ఆ ఎర్ర అక్షరం మీద నిమ్మరసం పడితే మళ్ళీ పసుపైపోతుంది, రాసింది రాసినట్టు మాయం. సున్నం క్షారం, నిమ్మకాయ ఆమ్లం, పదో తరగతి పాఠమే. మన దగ్గర దెయ్యం అంటే మొదట చేతిలోకి వచ్చేది ఏంటి? నిమ్మకాయ. సో మా కథలో గురువు కష్టపడి కాగితం అంటించి దెయ్యాన్ని నిలబెడతాడు, భయపడిపోయిన శిష్యుడు ఇంకా గట్టి చేద్దామని నిమ్మకాయ కోసి దాని మొహం మీద పిండుతాడు. అక్షరాలు ఒక్కొక్కటే మాయమవుతాయి. దెయ్యం కళ్ళు తెరుస్తుంది. ఈ షాట్‌కి కట్ లేదు, మాయాజాలం లేదు, నిజంగా అలాగే జరుగుతుంది. మా ఆయనకి చేసి చూపిస్తే ఒక నిమిషం మాట్లాడలేదు, తర్వాత "ఇంకో కాయ కొయ్యి, మాక్రో లెన్స్ తెస్తాను" అన్నారు.

డిసెంబరు 20

చైనా దెయ్యం నరసన్నపేట పక్క పల్లెటూరికి ఎలా వచ్చిందో చెప్పకపోతే ఎవరూ ఊరుకోరు. జవాబు ఇంట్లోనే ఉంది. మా అత్తారింట్లో అటక కింద ఒక టేకు పెట్టె ఉంది, దాన్ని రంగూన్ పెట్టె అంటారు. మావయ్య తాతగారు బర్మాలోని రంగూన్లో బియ్యం మిల్లులో పనిచేసి తెచ్చుకున్నది. మన జిల్లా పల్లెల్లో ఏ పది ఇళ్ళు అడిగినా ఒక ఇంట్లో రంగూన్ కథ ఉంటుంది. ఆ రోజుల్లో ఇక్కడి నుంచి పొగ ఓడలెక్కి వెళ్ళి రేవుల్లో మూటలు మోశారు, మిల్లుల్లో చేశారు. 1930లో రంగూన్ రేవు దగ్గర తెలుగు కూలీలకీ బర్మా కూలీలకీ పెద్ద గొడవలై చాలామంది చచ్చిపోయారు. 1942లో జపాన్‌వాళ్ళు రంగూన్ పట్టుకున్నప్పుడు మిగిలినవాళ్ళు లక్షల్లో అడవుల్లోంచి నడిచొచ్చారు, దార్లో పోయినవాళ్ళ లెక్క ఎవరి దగ్గరా లేదు. ఆ ఊళ్ళో చైనావాళ్ళ పేట కూడా ఉండేది. కాబట్టి 1930 గొడవల్లో తొందరగా ఓడెక్కిన ఒక కూలీ చైనావాడి పెట్టెని తన పెట్టె అనుకుని తెచ్చేశాడు, తాళంచెవి పట్టక ఇన్నేళ్ళూ తెరవలేదు, సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే తెరిచారు. ఇది కథ. టైటిల్ ప్రస్తుతానికి 'రంగూన్ పెట్టె'.

మావయ్య వడ్రంగి కాబట్టి సిరా దారం సమస్య కూడా తీరిపోయింది. ఆయన దగ్గర నిజమైన రంగు దారం ఉంది, రెండు కొసలు పట్టుకుని లాగి వదిలితే దూలం మీద సూటిగా గీత పడుతుంది. చైనాలో కూడా వడ్రంగులు అచ్చం ఇలాగే కొడతారని, దాంతో దెయ్యాన్ని కాలుస్తారని సినిమా పెట్టి చూపించాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చూసి, "దెయ్యం సంగతి ఏటో గానీ, ఆడు దారం పట్టుకున్న తీరు సరిగ్గా ఉందమ్మా" అన్నారు.

డిసెంబరు 27

బట్టలు. చైనాని ఏలిన మంచూ (చింగ్) రాజవంశం నాటి అధికారి అంగీ కావాలి, ఆ దెయ్యాలన్నిటికీ అదే యూనిఫాం. ముదురు నీలం శాటిన్ గుడ్డ ఏడు మీటర్లు, టైలర్ ఎంత చెప్పినా నైటీ కుట్టేశాడు, రెండోసారికి దారికొచ్చాడు. ఛాతీ మీద ఉండే చదరపు బొమ్మకి నా పాత పట్టుచీర కొంగు. టోపీ అంటే వెదురు బుట్టకి నల్ల పెయింటు, పైన ఎర్ర కుచ్చులు ఉండాలి కదా, అవి కనుమకి ఎద్దుల కొమ్ములకి కట్టే కుచ్చులు. బాగా నప్పాయి. గోళ్ళకి కోక్ బాటిల్ కోసి అతికించాను, నల్ల నెయిల్ పాలిష్ వేశాను.

జనవరి 4

స్క్రిప్టు చదివి వినిపిస్తే కర్రసాము మాస్టారి కొడుకు "గురువుని చిల్లంగి తెలిసినోడు అని పెట్టండి, మనోళ్ళకి బాగా ఎక్కుద్ది" అన్నాడు. పెట్టను. చిల్లంగి అంటే చేతబడి, ఆ మాట మీద మన ఏజెన్సీ పల్లెల్లో నిజంగా మనుషుల్ని కొట్టారు, చంపారు. నవ్వుకి పనికిరాని మాటలు కొన్ని ఉంటాయి. గురువు వడ్రంగి, కర్రసాము తెలుసు, అంతే.

జనవరి 9

దెయ్యం హైదరాబాదు నుంచి పండగ స్పెషల్ రైల్లో నిలబడి వచ్చింది. అంటే మా మరిది. పదిహేడో తారీకు తిరుగు టికెట్. ఊళ్ళో సగం మంది కుర్రాళ్ళు ఇలాంటి టికెట్ల మీదే ఉన్నారు కాబట్టి మాకు ఉన్నది ఎనిమిది రోజులు, అందులో మూడు పండగ.

సాయంత్రం కళ్ళంలో గెంతడం ప్రాక్టీసు. ఇదే తేలిక అనుకున్నాం. ఎంత దరిద్రంగా వచ్చిందో చెప్పలేను. మోకాళ్ళు వంచి గెంతితే సంచి పరుగు పందెంలా ఉంది. మోకాళ్ళు వంచకపోతే అడుగు లేవట్లేదు, లేచినా దబ్బున పడి నడుం పట్టేసింది. పది గెంతులకి చేతులు కిందికి జారిపోతున్నాయి. వాడు "వదినా, నేను శవాన్నా, కప్పనా, ముందు అది తేల్చు" అన్నాడు. ఫుటేజీ చూసి ముగ్గురం మాటల్లేకుండా ఇంటికొచ్చేశాం. బట్టలు, కాగితం, కథ అన్నీ ఉన్నాయి, దెయ్యం మాత్రం లేదు.

రాత్రి మావయ్య పక్క ఊరి తప్పెటగుళ్ళ తాతకి ఫోన్ చేశారు.

జనవరి 10

తప్పెటగుళ్ళు తెలియనివాళ్ళకి: గుండ్రటి రేకు తప్పెట ఛాతీకి కట్టుకుని, కాళ్ళకి గజ్జెలతో, రెండు చేతులా వాయిస్తూ గెంతుతూ గుండ్రంగా తిరిగే ఆట, మా దగ్గర యాదవులది. గంగమ్మ పండగల్లో గంటలకొద్దీ ఆడతారు, ఒకరి మీద ఒకరు ఎక్కి గోపురంలా నిలబడతారు. ఈ తాతకి డెబ్బై దాటాయి. మా మరిది రెండు గెంతులు గెంతాడో లేదో చెయ్యెత్తి ఆపేశారు.

"మోకాల్తో కాదురా నాయినా, సీలమండతో లెగాలి. మునేళ్ళ మీద దిగు, మడమ తరవాత ఆన్చు."

తర్వాత తన తప్పెట తీసి వీడి ఛాతీకి వదులుగా కట్టారు. వాయించొద్దన్నారు. గెంతినప్పుడు తప్పెట ఛాతీకి కొట్టుకుని ఠంగుమంటే తప్పు, మోగకపోతే ఒప్పు. ఇంతే పాఠం. మొదటి గంట ఇత్తడి గిన్నెల కొట్టులా మోగింది. మధ్యాహ్నానికి నాలుగు గెంతుల్లో ఒకటి నిశ్శబ్దం. పొద్దు వాలేసరికి, నేను చూస్తూనే ఉన్నాను, నడుం పైభాగం గాల్లో పెట్టిన బొమ్మలా కదలకుండా ముందుకి జరిగింది, కింద కాళ్ళు ఎక్కడో వాటి పని అవి చేసుకుంటున్నాయి. ఒళ్ళు జలదరించింది. పక్కన కూర్చుని వేరుశనక్కాయలు తింటున్న పిల్లలు తినడం ఆపేశారు.

చేతులు జారడానికి మందు మావయ్య చేశారు. అంగీ లోపల నడుం బెల్టుకి రెండు వెదురు బద్దలు కట్టి, మోచేతుల కింద నుంచి మణికట్టు దాకా ఆనించారు. ఎంతసేపైనా చాపిన చేతులు చాపినట్టే ఉంటాయి. అప్పుడు నాకు గుర్తొచ్చింది, అసలు చైనాలో ఈ గెంతే శవాల కథ ఎలా పుట్టిందంటే చెప్పే కారణాల్లో ఒకటి కూడా వెదురే. హునాన్ రాష్ట్రంలో షియాంగ్‌షీ అని కొండ ప్రాంతం, దూరదేశంలో చచ్చిపోయినవాళ్ళని సొంత ఊరికి చేర్చాలంటే రెండు పొడుగాటి వెదురు గెడలకి శవాల్ని వరసగా కట్టి ముందొకరు వెనకొకరు మోసుకెళ్ళేవారట, గెడలు ఊగితే శవాలు గెంతుతున్నట్టు కనిపించేదట. దూరం పోయి చచ్చినవాడు ఇంటికి రావాలి, అదీ మూలం. రంగూన్ పెట్టెకి ఇది ఇంత దగ్గరి చుట్టమని ముందు తెలియదు.

టేక్‌కి పది గెంతులకి మించొద్దని తాత షరతు. బూట్లలో హవాయి చెప్పుల స్పాంజి కోసి పెట్టాం.

జనవరి 11

మూతపడిన పాత బియ్యం మిల్లులో ఫైట్లు. యజమాని తాళాలిచ్చి "అరిగిపోయేదేం లేదులే" అన్నారు గానీ గబ్బిలాల సంగతి చెప్పలేదు.

ఫైట్ మొత్తం ఒకేసారి తీసి మధ్యలో ముక్కలు ఏరుకునే పద్ధతి పెళ్ళిళ్ళలో అలవాటు. అది ఇక్కడ పనికిరాదు. హాంకాంగ్ పద్ధతి ఏంటంటే మూడు దెబ్బలు, కట్, కెమెరా మార్చు, తర్వాతి మూడు దెబ్బలు. ప్రతి ముక్కకీ ఏ కోణంలో దెబ్బ కనిపిస్తుందో అక్కడే కెమెరా. దీనివల్ల మాలాంటి నేర్పులేనివాళ్ళకి ఒక లాభం, మూడు దెబ్బలు ఎవడైనా గుర్తుపెట్టుకుంటాడు. మాస్టారికి మాత్రం కోపం వచ్చింది, నలభై ఏళ్ళు కర్ర తిప్పిన మనిషిని మూడేసి దెబ్బలకి ఆపుతుంటే రాదా మరి. చివరికి ఆయన కోసం ఒక షాట్, ఇరవై సెకన్లు, కట్ లేకుండా, ఒంటరిగా కర్ర తిప్పుతూ మిల్లు పొడుగునా రావడం. కిటికీ రేకుల్లోంచి ఎండ, కర్ర తగిలి లేచిన తవుడు దుమ్ము. సినిమాలో అందమైన షాట్ ఇదొక్కటే అనుకుంటా. నవ్వకుండా ఉండడానికి ఆయనే మందు కనిపెట్టారు, నోట్లో వక్క పెట్టుకున్నారు.

ఎగిరి పడే షాట్‌కి కొబ్బరి తాడుతో దూలానికి కట్టి లాగుదామని లైట్ల కుర్రాడి ఆలోచన. ముందు ఒక వడ్లబస్తా కట్టి లాగాం. బస్తా దూలానికి గుద్దుకుని చిరిగింది. ఆ పని అక్కడితో ఆపేశాం, మనుషుల్ని తాళ్ళకి కట్టేది లేదు. ట్రాక్టర్ ట్యూబ్ మీద ప్లైవుడ్ ముక్క వేసి దాని మీద నుంచి గెంతితే మూడడుగులు లేస్తున్నారు, కెమెరా నేలకి ఆనించి పెడితే ఆరడుగుల్లా కనిపిస్తుంది. పడడానికి కొత్త గడ్డి కుప్ప. నూర్పులు ఇప్పుడే అయ్యాయి కాబట్టి గడ్డికి లోటు లేదు, దురదకీ లోటు లేదు.

జనవరి 12

బియ్యం గొడవ. చైనా రూలు ప్రకారం జిగురు బియ్యం కావాలి. మనకి దానికి దగ్గరిది కొత్త బియ్యం, వండితే ముద్దయిపోతుంది. కాబట్టి మా దెయ్యం కొత్త బియ్యానికే భయపడుతుంది, రేషన్ బియ్యం విసిరితే తల దులుపుకుని ముందుకొస్తుంది. ఈ జోకు కోసం అరిసెలకని అత్తయ్య దాచిన కొత్త బియ్యంలో ఐదు కిలోలు చెప్పకుండా తీశాను. తెలిసింది. ఇంతకన్నా రాయను.

కాగితం ఇంకో ఇబ్బంది. క్లోజప్‌లో చూస్తే కాగితం రెపరెపలాడుతోంది, గాలి లేదు. దెయ్యం ఊపిరి! చచ్చినవాడికి ఊపిరేంటి. అందరూ ఊపిరి బిగబట్టి దెయ్యం నుంచి తప్పించుకునే సీనులో అసలు బిగబట్టాల్సింది దెయ్యమే అయింది. పదకొండు టేకులు. ప్రతిసారీ పిల్లల్లో ఎవరో ఒకరు నవ్వేవారు, వాళ్ళు ఆపితే మా మరిది నవ్వేవాడు.

భోగి

తెల్లారకముందు నాలుగింటికి లేచాం, మంచు కోసం. జనవరిలో మా దగ్గర పొలాల మీద పట్టే మంచు స్మోక్ మెషీన్‌కి దొరకదు, అద్దె లేదు. కెమెరాలో రంగుల సెట్టింగు, అదే వైట్ బ్యాలెన్స్, 3200కి దించితే తెల్లవారుజాము వెలుతురు వెన్నెల నీలంలోకి మారుతుంది, దూరంగా భోగిమంటలు మాత్రం ఎర్రగానే ఉంటాయి. ఇంకో అదృష్టం, లైటు వెనక నుంచి పెడితే ఆ చలిలో మనుషుల ఊపిరి పల్చటి ఆవిరిలా కనిపించింది. రూలు కంటికి కనపడిపోయింది! ఆవిరి ఉంటే దెయ్యం తిరుగుతుంది, ఆవిరి ఆగితే ఆగుతుంది. దీని కోసమే ఆ సీను మళ్ళీ తీశాం.

ఆరు దాటాక లెన్స్ మీద మంచు పట్టేసింది. మా ఆయన తుడుస్తున్నారు, నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని సౌండ్ చూస్తున్నాను. మరిది వీధి చివర, వేషంతో, చేతులు చాపి నిలబడ్డాడు, వెదురు బద్దలున్నాయి కాబట్టి దించడానికి లేదు. ఎదురింట్లోంచి ఒక మామ్మ చేటతో బయటికొచ్చింది. నిజంగా జడుసుకుంటుందేమోనని నాకు టెన్షన్. ఆవిడ దగ్గరికొచ్చి పైనుంచి కిందకి చూసి,

"ఇదేటి ఏసం బాబూ? ఎప్పుడూ సూడ్లేదు. ఏ ఊరు మీది?" అంది.

వీడు నోరు తెరవలేదు. హరిదాసులు, గంగిరెద్దులవాళ్ళు, పగటివేషాలవాళ్ళు తిరిగే రోజులు కదా, చాపిన చేతులు చూసి ఆవిడ వేరేగా అనుకోవడానికి ఏముంది. "సంచి తెచ్చుకోలేదేటి" అని విసుక్కుని, వాడి అరచేతులు తనే వెల్లకిలా తిప్పి, చేటలోంచి రెండు దోసిళ్ళ బియ్యం పోసింది. కొత్త బియ్యం. వాడు ఒక్క క్షణం ఆగి "సల్లగా ఉండమ్మా" అన్నాడు, అచ్చం హరిదాసులా.

కెమెరా రోల్ అవలేదు. నేను మా ఆయన వైపు చూశాను, ఆయన చేతిలో లెన్స్ గుడ్డ. మళ్ళీ ఒకసారి పోయమని బతిమాలాం. "ఒకపాలి ఏసింది మల్లీ ఏత్తారేటి. పండగపూట," అని లోపలికెళ్ళిపోయింది. మిగిలింది నా రికార్డర్‌లో పదకొండు సెకన్ల సౌండ్. గింజలు అరచేతుల్లో పడే చప్పుడు కూడా ఉంది.

జనవరి 16

పెద్దపండగ, కనుమ పోయాయి. నిమ్మకాయ షాట్ అయింది, మూడు కాగితాలు, ఆరు కాయలు, కళ్ళల్లో రసం పడి దెయ్యం పెట్టిన కేక నటన కాదు. రేపు మరిది ప్రయాణం.

జనవరి 25

ఎడిటింగ్. దెబ్బ తగిలే చోట రెండో షాట్‌ని మూడు ఫ్రేములు వెనక నుంచి మొదలుపెడితే దెబ్బ రెండుసార్లు తగిలినట్టు బరువొస్తుంది, హాంకాంగ్‌వాళ్ళ చిట్కా ఇది. ఫైట్లు 110 శాతం వేగానికి పెంచాను, అంతకు మించితే అంగీ గుడ్డ ఊగడం చూసి దొరికిపోతాం. ఎముకలు విరగడానికి ములక్కాడలు, గుద్దులకి తడి తువ్వాలు నేలకేసి కొట్టడం. గెంతుకి ఏ చప్పుడు పెట్టినా కుదరలేదు, చివరికి తాత తప్పెట ఒకసారి మోగించి దాన్ని బాగా నెమ్మది చేసి పెట్టాను.

1988లో గాడ్‌ఫ్రే హో 'రోబో వాంపైర్' అని ఒకటి తీశాడు, ఎక్కడో తీసిన వేరే సినిమా ముక్కలకి తన ముక్కలు అతికించి. చూస్తే నవ్వొస్తుంది, కానీ రాత్రి రెండింటికి టైమ్‌లైన్‌లో ఖాళీ కనిపిస్తే ఆయన మీద గౌరవం కూడా వస్తుంది. నా దగ్గర పదకొండేళ్ళ పెళ్ళి ఫుటేజీ ఉంది. ముట్టుకోలేదు, ఎవరి పెళ్ళి వాళ్ళది. మా తమ్ముడి పెళ్ళి డ్రోన్ షాట్ ఒక్కటి మాత్రం వాడాను, వాడికి చెప్పే.

లెక్క: 41,350 అయింది. అందులో 13,400 తిండికే. అత్తయ్యకి ఇంకా చెప్పలేదు.

జనవరి 28

ఆ పదకొండు సెకన్లు ఎక్కడా పట్టట్లేదు, తీసేయడానికి మనసొప్పట్లేదు. రూలు ప్రకారం కొత్త బియ్యం తగిలితే దెయ్యం కాలాలి. సినిమా అంతా అదే చూపించి, చివర్లో చేతుల్లో పోస్తే కాలకపోతే ఎలా? గోడ మీద చార్ట్ నాదే, దాటితే సీను తీసేస్తానన్నదీ నేనే. మరిదికి ఫోన్ చేశాను. వాడు ఆఫీసు మెట్ల మీద నుంచి గుసగుసగా అన్నాడు: "వదినా, మీరందరూ నా మీదకి విసిరారు. ఆవిడ పోసింది. అంతే కదా తేడా."

చార్ట్ దగ్గరికెళ్ళి ఐదో గీత రాశాను. విసిరితే కాలుతుంది, దోసిట్లో పోస్తే కాలదు. ఇప్పుడు ముగింపు ఇలా ఉంది: అందర్నీ దాటుకుని దెయ్యం మంచులో వీధి చివరికి వస్తుంది, తెర మీద గెంతే కాళ్ళు మాత్రమే, మామ్మ గొంతు వినిపిస్తుంది, ఏ ఊరు మీది అని. కాళ్ళు ఆగుతాయి. గింజల చప్పుడు. తర్వాత అరచేతుల క్లోజప్ ఒకటి కావాలి, అది మన దగ్గర లేదు.

మరిది హైదరాబాదులో ఉన్నాడు కాబట్టి దెయ్యం చేతులు మా ఆయనవి, ప్లాస్టిక్ గోళ్ళు అంటించాలి. మామ్మ చేతులకి అత్తయ్యని అడిగాను. వంటింట్లోంచే సమాధానం వచ్చింది, చేస్తానుగానీ బియ్యం మళ్ళీ డబ్బాలోకి రావాలి, గింజ తగ్గకూడదు, ఆ నల్ల గోళ్ళ రంగు వాటికి అంటకూడదు. రేపు పొద్దున్న ఆరున్నరకి, మంచు ఉంటే. కింద చాప వేయాలి. ముందు రోల్ నొక్కాలి.